రావణహత్థా, కమాయిచా, కిక్రి: చేతితో చేసిన జానపద కమాను వాద్యాన్ని ఎంచుకునే ముందు

తెలుగునాట జానపద తీగ వాద్యం అనగానే ముందుగా కిన్నెర గుర్తుకు వస్తుంది. దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిన తరువాత పన్నెండు మెట్ల కిన్నెరను గురించి తెలియని ఇల్లు తెలంగాణలో అరుదు. అయితే కిన్నెర వేళ్లతో మీటే వాద్యం. వెంట్రుకలు బిగించిన కమానును తీగ మీద లాగి పలికించే జానపద వాద్యాలు వేరు. వాటి కుటుంబం వేరు, గొంతు వేరు, వాటిని చేసే పద్ధతీ వేరు. ఈ మధ్య వీటి మీద ఆసక్తి పెరిగి, ఏది కొనాలి, ఎక్కడ కొనాలి, తెచ్చుకున్న తరువాత మన వాతావరణంలో నిలుస్తుందా అని అడిగేవారు ఎక్కువయ్యారు. ఆ ప్రశ్నలకు నాకు తెలిసినంత మేరకు, నా అభిప్రాయాలు దాచుకోకుండా, ఇక్కడ సమాధానం చెబుతున్నాను.

వాద్యం పేరు చూసి కొనకూడదన్నది నేను ముందుగా చెప్పదలచిన మాట. ఒకే పేరుతో అమ్మే రెండు వాద్యాల మధ్య ఉండే తేడా, వేర్వేరు పేర్లున్న రెండు మంచి వాద్యాల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉండవచ్చు. చూడవలసినవి మూడు: బుర్ర, అంటే నాదం నిండే బోలు భాగం, దేనితో చేశారు, దాని మీద ఏ తోలు ఎలా బిగించారు, కమాను తగిలే ప్రధాన తీగ దేనిది. మిగిలిన అలంకారమంతా, అంటే రంగులు, కుచ్చులు, అద్దపు బిళ్లలు, ఈ మూడూ బాగున్నప్పుడే ఆనందాన్నిస్తాయి.

బుర్ర, తోలు, తీగ

బుర్ర చిన్నదైతే లోపల కదిలే గాలి తక్కువగా ఉంటుంది కనుక నాదం పైస్థాయిలో, కొంచెం ముక్కుతో పాడినట్లుగా, దూరానికి వినిపించేలా వస్తుంది. కొబ్బరి చిప్ప బుర్రగా ఉన్న రావణహత్థా, మణిపూర్ పెనా ఇలా పలుకుతాయి. బుర్ర వెడల్పుగా ఉండి, దాని మీద తోలు పెద్ద వృత్తంగా పరుచుకుంటే నాదం కిందికి దిగి, నిండు కుండను తట్టినట్లు గంభీరంగా ఉంటుంది. రాజస్థాన్ కమాయిచాకు ఆ గొంతు అందువల్లే వచ్చింది.

తోలు విషయంలో ఎక్కువమంది పొరపడతారు. ఈ వాద్యాలకు వాడేది చెప్పులకు వాడే పదును చేసిన తోలు కాదు. వెంట్రుకలు తీసి, నీటిలో నానబెట్టి, తడి మీదనే లాగి బిగించి, నీడలో ఆరబెట్టిన పచ్చి మేకతోలు. అది ఆరేకొద్దీ కుంచించుకొని బుర్రను గట్టిగా పట్టుకుంటుంది. తోలు మీద బ్రిడ్జి, అంటే తీగలను ఎత్తి పట్టే చిన్న ముక్క, నిలుస్తుంది, బ్రిడ్జి మీదుగా తీగలు పోతాయి, కమాను లాగినప్పుడు తీగలోని కంపనం బ్రిడ్జి గుండా తోలుకు, తోలు నుంచి బుర్రలోని గాలికి చేరుతుంది. అందువల్ల తోలు మందంగా ఉంటే నాదం మూగబోతుంది, మరీ పలుచగా ఉంటే మొదట్లో మెరుస్తుంది కానీ బ్రిడ్జి కింద తొందరగా గుంటపడుతుంది.

ఇక ప్రధాన తీగ. ఉక్కు తీగ పదునుగా, స్థిరంగా ఉంటుంది, శ్రుతి నిలుస్తుంది. మేక పేగుతో చేసిన తీగ వెచ్చగా, మనిషి గొంతుకు దగ్గరగా పలుకుతుంది కానీ తేమకు శ్రుతి మారుతుంది, కాలక్రమంలో పోగులు లేస్తుంది. గుర్రపు తోక వెంట్రుకలు అనేకం కలిపి కట్టిన తీగ మూడో రకం. కమాను వెంట్రుకలు, తీగ వెంట్రుకలు ఒకదానితో ఒకటి రాసుకొన్నప్పుడు వచ్చే ఆ బొంగురు తీపిని ఏ లోహపు తీగా ఇవ్వలేదు. వయొలిన్ అలవాటైన చెవికి అది మొదట గరుకుగా తోచవచ్చు. రెండు వారాలు విన్న తరువాత, దానిలో ఊపిరి తీసుకుంటున్న మనిషి ఉన్నట్లు అనిపిస్తుంది.

రావణహత్థా

మొదటిసారి కొనేవారికి నేను ఎక్కువగా సూచించేది ఇదే. రాజస్థాన్‌లో జానపద వీరదైవమైన పాబూజీ కథను రాత్రంతా పాడే భోపాల, అంటే పూజారి గాయకుల, చేతిలోని వాద్యమిది. పాబూజీ జీవితాన్ని చిత్రించిన పొడవైన బట్టను, అంటే ఫడ్‌ను, వెనుక కట్టి, భోపా రావణహత్థాను వాయిస్తూ కథ చెబుతాడు, అతని భార్య భోపీ గొంతు కలుపుతుంది. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాలను చూసినవారికి ఈ సంప్రదాయం పరాయిదిగా అనిపించదు. పటం విప్పి కులపురాణం పాడే మన కథకులూ అదే పని చేశారు. రావణుడు శివుని కోసం ఈ వాద్యాన్ని చేశాడన్న కథ పేరులోనే ఉంది.

నిర్మాణం చూడండి. అడుగున సగానికి కోసిన కొబ్బరి చిప్ప, దాని మీద బిగించిన మేకతోలు, చిప్పలోకి దించిన వెదురు దండి. మొత్తం పొడవు సుమారు 90 సెంటీమీటర్లు. కమాను తగిలే ప్రధాన తీగలు రెండు: ఒకటి గుర్రపు వెంట్రుకలది, మరొకటి ఉక్కుది. వీటికి పెద్ద బిరడాలు, అంటే తిప్పి తీగను బిగించే మేకులు. దండి పక్కన వరుసగా కొట్టిన చిన్న బిరడాలకు తరఫ్ తీగలు ఉంటాయి. కమాను వీటికి తగలదు. ప్రధాన తీగ మీద ఒక స్వరం పలికినప్పుడు, అదే స్వరానికి శ్రుతి చేసిన తరఫ్ తీగ తనంతట తాను కంపించి వెనుక నుంచి వంత పాడుతుంది. కమాను వంపు తిరిగిన కర్రది, దానికి చిన్న మువ్వలు కట్టి ఉంటాయి. కమాను విసురుతోనే మువ్వలు తాళం వేస్తాయి కనుక పాటకుడికి వేరే తాళగాడి అవసరం అంతగా ఉండదు. వాయించేటప్పుడు బుర్రను ఛాతీకి ఆనించి, దండిని ముందుకు చాచి పట్టుకుంటారు.

దీని బలం ఏమిటంటే, చెడిపోయిన ప్రతి భాగాన్నీ మీరు మళ్లీ చేసుకోగలరు. వెదురు, కొబ్బరి చిప్ప, మేకతోలు, తీగ, వీటిలో తెలుగు నేలలో దొరకనిది ఏదీ లేదు. తోలు పగిలితే డప్పులు చేసే పనివారి దగ్గరకు వెళ్లి మళ్లీ వేయించుకోవచ్చు. పచ్చి తోలును ఎంత నానబెట్టాలో, ఏ వైపు ముందుగా లాగాలో వాళ్ల చేతులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది. కోటల ముందు పర్యాటకులకు అమ్మడానికి చేసిన రావణహత్థాలు చూడటానికి అసలు వాద్యంలాగే ఉంటాయి. కొన్నేళ్ల కిందట నేను ఒక కోట గుమ్మం దగ్గర ముచ్చటపడి కొన్నది అలాంటిదే. అమ్మినాయన దాని మీద అద్భుతంగా వాయించాడు, కాని తన సొంత వాద్యం మీద వాయించి నా చేతికి మరొకటి ఇచ్చాడన్న సంగతి నేను గమనించలేదు. విశాఖపట్నం తెచ్చిన నెల రోజులకే బిరడాలు నిలవడం మానేశాయి, మొదటి వానలకు తోలు జారిపోయి బ్రిడ్జి కూరుకుపోయింది. విప్పి చూస్తే బిరడాల రంధ్రాలు సాపు చేయకుండా వదిలేసి ఉన్నాయి, వెదురు లోపల పూర్తిగా ఆరనే లేదు. అందుకే ఈ సలహా: మీరు డబ్బు ఇవ్వబోయే వాద్యం మీదనే, మీ కళ్ల ముందు, కనీసం పది నిమిషాలు వాయించమనండి. పది నిమిషాల తరువాత శ్రుతి ఎంత దిగిందో చూడండి. ఒక్కో బిరడాను తిప్పి వదలండి. వెనక్కి జారితే, బిరడా గానీ రంధ్రం గానీ సరిగా చెక్కలేదని అర్థం. తోలును గోటితో తట్టి, అంచు చుట్టూ నాలుగు చోట్ల ఒకే ధ్వని వస్తోందా వినండి. దండిని కంటికి ఎదురుగా పట్టి వంకర చూడండి, కణుపుల దగ్గర సన్నని నిలువు చీలికలున్నాయేమో వేలితో తడమండి, పొడి రాలే సూది రంధ్రాలు ఉంటే పుచ్చు పట్టిందని తెలుసుకొని వదిలేయండి.

కమాయిచా

నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైన నాదం కమాయిచాది, అయినా మొదటిసారి కొనేవారికి దీన్ని సూచించను. జైసల్మేర్, బాడ్మేర్ ప్రాంతాల వంశపారంపర్య గాయకులైన మాంగణియార్ల వాద్యం ఇది. బుర్ర, మెడ ఒకే దుంగలో చెక్కుతారు, సాధారణంగా మామిడి కర్రలో. గుండ్రని పెద్ద బుర్ర మీద మేకతోలు, మేక పేగుతో చేసిన మూడు లావుపాటి ప్రధాన తీగలు, వాటి పక్కన ఉక్కు తీగల గుంపు, పొడవైన బరువైన కమాను. హమీరా గ్రామానికి చెందిన సాకర్ ఖాన్ ఈ వాద్యాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చినవారిలో ముఖ్యుడు. ఆయనకు 2012లో పద్మశ్రీ వచ్చింది, మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. ఆయన రికార్డింగు ఒక్కటి విన్నా, ఎడారి రాత్రి చలిలో మంట ముందు కూర్చున్నట్లుంటుంది.

ఒకే దుంగలో చెక్కడం వల్ల కీలు ఉండదు, అతుకు ఉండదు, కంపనం మెడ నుంచి బుర్ర దాకా అడ్డం లేకుండా పోతుంది. అయితే అదే కారణంగా, కర్ర సరిగా ఆరకుండా చెక్కితే వచ్చే చీలికను బాగుచేయడం కష్టం. రావణహత్థాలో దండి చీలితే దండి మారుస్తాము. కమాయిచాలో మెడ చీలితే వాద్యమే పోయినట్లు. పేగు తీగలు మన ఊళ్లలో దొరకవు, రాజస్థాన్ నుంచి తెప్పించుకోవాలి. దీన్ని చేసే పనివారు చాలా కొద్దిమందే మిగిలారు. మాంగణియార్ల కచేరీల్లోనే హార్మోనియం దీని చోటును చాలావరకు తీసుకుంది. కాబట్టి ధర రావణహత్థా కంటే ఎన్నో రెట్లు ఉంటుంది, ఉండటమూ న్యాయమే. ఒక వాద్యం మీద రెండు మూడేళ్లు చేయి తిరిగి, గాత్రానికి పక్కవాద్యంగా నిలబడాలన్న పట్టుదల ఉన్నవారు, నేరుగా వాయించే కుటుంబం ద్వారా చేయించుకుంటే ఆ డబ్బు సరైన చేతికి చేరుతుంది. జోధ్‌పూర్ దగ్గర జానపద పరిశోధకుడు కోమల్ కొఠారీ కృషితో నిలిచిన రూపాయన్ సంస్థాన్ ఈ వాద్యాల గురించి దశాబ్దాలుగా సమాచారం సేకరించింది. 1960లో రచయిత విజయదాన్ దేథాతో కలిసి బోరుందా గ్రామంలో ఆయన ప్రారంభించిన సంస్థ అది. కొనడానికి వెళ్లే ముందు అక్కడి మ్యూజియం చూస్తే కన్ను సిద్ధమవుతుంది.

సింధీ సారంగి, శాస్త్రీయ సారంగి

రాజస్థాన్‌లోని మరో వంశపారంపర్య గాయకులైన లంగాల సింధీ సారంగిని శీశం కర్రలో, అంటే రోజ్‌వుడ్ జాతి గట్టి కర్రలో, చెక్కుతారు. నాలుగు ప్రధాన తీగల్లో రెండు ఉక్కువి, రెండు పేగువి. తరఫ్ తీగలు ఇరవైకి పైగా ఉంటాయి. వీటన్నిటినీ ప్రతిసారీ శ్రుతి చేయగల ఓపిక, చెవి ఉన్నవారికి ఇది గొప్ప వాద్యం. సారంగిలో తీగను వేలి కొసతో దండికి అదమరు, గోరు మొదలు పక్కన ఆనిస్తారు. మొదటి కొన్ని నెలలు గోళ్ల దగ్గర చర్మం పుండు పడుతుంది. హిందూస్థానీ కచేరీలలో వినిపించే సారంగి ఇంకో మెట్టు పైన ఉంటుంది: మూడు పేగు తీగలు, దాదాపు 36 తరఫ్ తీగలు. గురువు పక్కన లేకుండా దాన్ని కొనవద్దని కచ్చితంగా చెబుతాను.

ఒంటి తీగ వాద్యాలు: పెనా, బనం, పుళ్లువన్ వీణ

తరఫ్ తీగల గొడవ వద్దు, కమాను పట్టు నేర్చుకుంటే చాలు అనుకునేవారికి మూడు దారులున్నాయి. మణిపూర్ పెనాకు కొబ్బరి చిప్ప బుర్ర, వెదురు దండి, గుర్రపు వెంట్రుకల ఒకే ఒక తీగ. సంతాలు గిరిజనుల ధోద్రో బనాన్ని ఒకే కర్రలో చెక్కుతారు, దేవగన్నేరు జాతి మెత్తని కర్ర వాడుతారు. తల భాగంలో మనిషి ముఖాన్నో బొమ్మల వరుసనో చెక్కిన పాత బనాలు శిల్పాలుగా కూడా అపురూపమైనవి. కేరళ పుళ్లువన్ వీణ సర్పం పాటలకు చెందినది, పూజా సందర్భంతో విడదీయరానిది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పాత ఒంటి తీగ వాద్యాలలో కొన్నిటికి ఉడుము తోలు వాడేవారు. ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాని తోలు ఉన్న వాద్యాన్ని కొనడం, అమ్మడం నేరం. పాతది కనుక ఫరవాలేదని అమ్మేవారు చెప్పినా వినవద్దు. పొలుసుల గళ్లు వరుసగా కనిపించే తోలు ఉంటే పక్కన పెట్టండి. ఏనుగు దంతంతో చేసిన బ్రిడ్జికీ ఇదే మాట వర్తిస్తుంది. మేకతోలు, ఎముక లేదా గట్టి కర్ర బ్రిడ్జి నాదానికి ఏమాత్రం తక్కువ కావు.

మన దగ్గరి కిక్రి

ఇంత దూరం తిరిగిన తరువాత సొంత గడ్డ మీదికి రాకపోతే అన్యాయం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో గోండుల కథాగాయకులైన పర్ధానులు, తోటీలు వాయించే కిక్రి మూడు తీగల కమాను వాద్యం. కర్రను తొలిచి, తోలు వేసి చేస్తారు. గోండు వంశాల పుట్టుక, దేవతల కథలు, వంశదైవమైన పెర్సాపెన్ పూజల పాటలు తరతరాలుగా ఈ వాద్యం మీదుగానే నడిచాయి. కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లినవారు ఈ నాదం వినే ఉంటారు. 1940లలో ఇక్కడ పని చేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోండుల జీవితాన్ని నమోదు చేసినప్పుడు పర్ధానుల పాత్రకు ఎంతో చోటిచ్చాడు.

కిక్రిని రావణహత్థాలాగా బజారులో కొనే వస్తువుగా చూడకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక కుటుంబంలో తాత వాయించిన కిక్రిని, అవసరంలో ఉన్న మనవడి దగ్గర నాలుగు డబ్బులిచ్చి తెచ్చుకొని గోడకు తగిలించడం ఆ పాటను ఊరి నుంచి ఎత్తుకుపోవడమే. అయితే కొత్తది చేసివ్వమని అడగడం వేరు. వాయించే మనిషికి ముందుగా డబ్బు ఇచ్చి, కర్ర ఎంచుకోవడానికీ ఆరడానికీ సమయమిచ్చి, చేసేటప్పుడు పక్కన కూర్చొని చూడండి. కొంత పాట కూడా నేర్చుకోగలిగితే మీ దగ్గరకు వచ్చే వాద్యం నోరున్న వాద్యమవుతుంది. తెలుగు వారికి ఇంత దగ్గరలో ఉన్న కమాను సంప్రదాయాన్ని వదిలి ముందుగా ఎడారికి పరుగెత్తడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

వాన, ఉక్కపోత, విమానం

పచ్చి తోలు గాలిలోని తేమను పీల్చుకొని సాగుతుంది. తోలు సాగితే బ్రిడ్జి దిగుతుంది, తీగలు వదులవుతాయి, శ్రుతి పడిపోతుంది. రాజస్థాన్ పొడి గాలిలో చేసిన వాద్యం కాకినాడ, విశాఖపట్నం, నెల్లూరు వంటి చోట్ల ఈ కష్టం ఎక్కువగా పడుతుంది. హైదరాబాదులో వానాకాలం మినహా అంతగా ఉండదు. డప్పు వాయించేవారు మంట దగ్గర డప్పును కాచుకోవడం మనకు తెలిసిందే. ఇక్కడా సూత్రం అదే, కాని మంట వద్దు: కొబ్బరి చిప్ప, వెదురు ఎక్కువ వేడికి చీలుతాయి. తీగలను కొంచెం వదులు చేసి, వెచ్చని బల్బుకు మూరెడు దూరంలో పావుగంట ఉంచితే చాలు. వాయించని రోజుల్లో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, బ్రిడ్జిని పడుకోబెట్టండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఉక్కు తరఫ్ తీగలకు తుప్పు పడుతుంది కనుక వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాలి. కమాను వెంట్రుకలకు రోజిన్, అంటే చెట్టు జిగురు గడ్డ, రాయకపోతే తీగ పట్టదు. కర్ణాటక వయొలిన్ వాయించేవారు వాడే రోజినే సరిపోతుంది. సముద్రపు ఒడ్డున అద్దె ఇంట్లో, గాలి ఆడని గదిలో ఉండేవారు పేగు తీగల వాద్యం జోలికి పోకుండా ఉక్కు, వెంట్రుకల తీగలున్న రావణహత్థా దగ్గరే ఆగితే మంచిది.

విదేశాలలో ఉన్నవారు రెండు సంగతులు చూసుకోవాలి. శీశం కర్ర 2017 జనవరి 2 నుంచి అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, కాని 2019 నవంబరు 26 నుంచి పూర్తిగా తయారైన సంగీత వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి పూర్తయిన సారంగి తీసుకుపోవచ్చు, చెక్కని శీశం దిమ్మ తీసుకుపోవడం వేరే సంగతి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలలో జంతు చర్మం, కర్ర, వెదురు ఉన్న వస్తువులను విమానాశ్రయంలో తప్పక ప్రకటించాలి. తోలు మీద వెంట్రుకలు మిగిలి ఉన్నా, వెదురులో పురుగు రంధ్రాలున్నా అక్కడే ఆపేస్తారు. అందువల్ల వాళ్ల కోసం కొనేటప్పుడు తోలు అంచులను వెలుతురులో తిప్పి చూసి, వెదురు దండి లోపలి వైపు కూడా టార్చి వేసి పరీక్షించి, అనుమానం ఉంటే దండిని అక్కడికక్కడే మార్పించుకోండి. భోపా చేతిలో అది గంటో రెండు గంటలో పట్టే పని.